నర్తకీమణి అన్నా పావ్లోవా – ఆమె పాదాలు నేర్పే పాఠం

నాట్యం చూసేటప్పుడు మన కళ్ళు ముందుగా నర్తకి ముఖం మీదికి, తరువాత హస్తాల మీదికి పోతాయి. పాదాలను చివరకు చూస్తాం. చూసినా గజ్జెల చప్పుడు వింటాం గాని, ఆ పాదాలు ఎంత బరువు మోస్తున్నాయో, ఎంత నొప్పి దాచుకుంటున్నాయో ఆలోచించం. ఈ ఉత్సవ సంచికలో మన కూచిపూడి, భరతనాట్యాల గురించి వ్రాసేవారు అనేకులున్నారు. కాబట్టి మేము ఒక పరదేశపు నర్తకి జీవితాన్ని, ప్రత్యేకంగా ఆమె పాదాల కథను, పాఠకుల ముందు ఉంచాలని తలచాము. ఆమె పేరు అన్నా పావ్లోవా. రష్యా దేశంలో పుట్టి, ప్రపంచమంతా తిరిగి, బ్యాలే అనే నాట్యాన్ని ఎన్నో దేశాల వారికి మొదటిసారిగా చూపించిన విశ్వవిఖ్యాత కళాకారిణి.

అన్నా 1881వ సంవత్సరం ఫిబ్రవరి 12వ తేదీన సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరంలో జన్మించింది. తల్లి పేరు ల్యుబోవ్. ఇతరుల బట్టలు ఉతికి జీవనం సాగించిన పేదరాలు. బిడ్డ నెలలు నిండక ముందే పుట్టింది. బలహీనంగా ఉండేది. అందుచేత నగరానికి దగ్గరలోని లిగోవో అనే పల్లెలో అమ్మమ్మ దగ్గర కొంతకాలం పెరిగింది. మన ఇళ్ళలో కూడా బక్కచిక్కిన పిల్లలను అమ్మమ్మల దగ్గరకు పంపించే ఆచారం ఉండేది కదా! ప్రేమ ఏ దేశంలోనైనా ఒక్కటే.

ఎనిమిది తొమ్మిదేళ్ళ వయస్సులో తల్లి ఆమెను మారిన్‌స్కీ నాటకశాలకు తీసుకొని వెళ్ళింది. అక్కడ 'నిద్రించే సుందరి' అనే బ్యాలే చూసిన ఆ చిన్నారి తాను కూడా అలాగే నర్తించాలని పట్టుబట్టింది. చక్రవర్తి ఆధ్వర్యంలో నడిచే నాట్య పాఠశాలకు వెళితే, వయస్సు చాలదని, బలం చాలదని త్రిప్పి పంపారు. మరుసటి ఏడు మళ్ళీ వెళ్ళారు. 1891లో, పదవ ఏట, ప్రవేశం దొరికింది.

ప్రవేశం దొరికింది గాని ఆమె శరీరం ఆనాటి గురువుల కొలతలకు సరిపోలేదు. ఆ కాలంలో నర్తకి అంటే పొట్టిగా, గట్టిగా, కండ పట్టిన ఒళ్ళుతో ఉండాలని అనుకునేవారు. అన్నా చేతులు, కాళ్ళు పొడవు. చీలమండలు సన్నన. అరికాలి వంపు మామూలు కంటే చాలా ఎత్తు. తోటి పిల్లలు ఆమెను చీపురు అని వెక్కిరించేవారు. ఒళ్ళు చేయాలని పాఠశాలలో ఆమెకు చేపనూనె త్రాగించేవారు. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకోవాలని మనవి. దీని గురించి తరువాత మళ్ళీ చెప్పుకుందాం.

అరికాలి వంపు ఎత్తుగా ఉంటే ఏమవుతుంది? చూడడానికి చాలా అందంగా ఉంటుంది. కాలు చాచినప్పుడు మోకాలి నుండి వేలికొన వరకు ఒక విల్లులా కనిపిస్తుంది. కాని అటువంటి పాదానికి నేల మీద ఆనుకునే చోటు తక్కువ. నిలకడ తక్కువ. గెంతి దిగినప్పుడు అదురును తనలో ఇముడ్చుకొనే శక్తి కూడా తక్కువే. చీలమండ సన్నగా, వదులుగా ఉంటే కాలు మడతపడి బెణికే అవకాశం ఎక్కువ. అంటే ప్రేక్షకులకు అందంగా కనిపించిన లక్షణమే నర్తకికి అపాయం తెచ్చే లక్షణం అన్నమాట.

ఆ రోజులలో ఇటలీ నుండి వచ్చిన నర్తకీమణులు సెయింట్ పీటర్స్‌బర్గ్‌ను ఉర్రూతలూగించారు. వారిలో పియరీనా లెన్యానీ అనే ఆమె ఒంటికాలి మునివేళ్ళ మీద 32 సార్లు గిర్రున తిరిగి అందరినీ ఆశ్చర్యపరిచింది. పడుచు విద్యార్థినులందరూ అదే సాధించాలని తాపత్రయపడ్డారు. అన్నా కూడా ప్రయత్నించింది. ఆమె గురువులలో ఒకరైన పావెల్ గెర్ట్ అది చూసి కోప్పడ్డారు. ఆ సర్కస్ విద్యలు ఇతరులకు వదిలిపెట్టమని, సున్నితమైన ఆమె పాదాల మీద అంత ఒత్తిడి పడడం చూడలేనని, ఆమెలోని లాలిత్యమే ఆమె సొత్తు అని బోధించారు. మా దృష్టిలో పావ్లోవా జీవితానికి మలుపు ఇక్కడే ఉంది. శిష్యురాలి పాదాన్ని చూసి పాఠం నిర్ణయించిన గురువు ఆమెకు దొరికాడు. పాఠం కోసం పాదాన్ని విరగ్గొట్టే గురువు కాదు.

అయితే లాలిత్యం ఒక్కటే ఆమెను నిలబెట్టలేదు. వెన్నులో, కాళ్ళలో బలం చాలదని ఆమెకు తెలుసు. ఎన్రికో చెకెట్టి అనే ఇటలీ గురువు దగ్గర చేరి ఏళ్ళ తరబడి మొదటి నుండి అభ్యాసం చేసింది. పేరు వచ్చిన తరువాత కూడా ఆయన దగ్గర చిన్నపిల్లలా పాఠం చెప్పించుకున్నది. ప్రతి ప్రదర్శనకు ముందు ఒళ్ళు వేడెక్కే వరకు సాధన చేసే అలవాటు జీవితాంతం మానలేదు.

1899లో చదువు ముగించి మారిన్‌స్కీలో చేరారు. 1906 నాటికి అక్కడి అగ్రశ్రేణి నర్తకి అయ్యారు. మిఖాయిల్ ఫోకిన్ ఆమె కోసం సేంట్ సాన్స్ సంగీతానికి కూర్చిన 'మరణించే హంస' ఆమెకు శాశ్వత కీర్తి తెచ్చింది. అది కొద్ది నిమిషాల నృత్యం. అందులో గొప్ప గెంతులు లేవు, 32 చుట్లు లేవు. చిన్న చిన్న అడుగులతో మునివేళ్ళ మీద తేలిపోవడం, చేతులు రెక్కలై అల్లల్లాడడం, చివరకు నేలకు వాలిపోవడం, అంతే. గెర్ట్ చెప్పిన మాట ఆ నృత్యంలో ఫలించింది.

ఇక ఆమె జోళ్ళ సంగతి. బ్యాలే స్త్రీలు మునివేళ్ళ కొసల మీద నిలబడడానికి ప్రత్యేకమైన జోళ్ళు తొడుగుతారు. వీటిని పాయింట్ జోళ్ళు అంటారు. 1832లో మరీ తాల్యోనీ 'లా సిల్ఫీడ్' నర్తించినప్పుడు ఆ జోళ్ళు మెత్తని పట్టుగుడ్డవి. కొసలలో దారంతో కుట్టి కాస్త గట్టి చేసేవారు. తరువాత ఇటలీ పనివారు గుడ్డ, కాగితం పొరలకు జిగురు పట్టించి వేళ్ళ చుట్టూ ఒక గట్టి డబ్బా వంటిది కట్టారు. పావ్లోవా ఆ జోళ్ళను తన పాదానికి తగినట్లు మార్చుకున్నారు. వంపు ఎక్కువైన అరికాలికి ఆధారంగా గట్టి తోలు ముక్క వేయించారు. కొస భాగాన్ని వెడల్పు చేయించి నిలకడ తెచ్చుకున్నారు.

దీనిని కొందరు తోటి నర్తకులు మోసం అన్నారు. నొప్పి లేకుండా నిలబడడం నిజమైన విద్య కాదని వారి భావం. ఆమె కూడా ఆ మాటకు కొంత జంకినట్లే ఉంది. తన ఛాయాచిత్రాలలో జోళ్ళ కొసలు సన్నగా కనిపించేటట్లు దిద్దించేవారు. ఆ చిత్రాలను చూసి తరువాతి తరం అమ్మాయిలు, పావ్లోవా సూదిమొన వంటి కొస మీద నిలబడిందని నమ్మారు. సౌకర్యాన్ని దాచి కష్టాన్ని మాత్రమే చూపించడం నాట్యలోకంలో ఈనాటికీ ఉన్న జబ్బే. కాని చరిత్ర ఆమె పక్షమే తీర్పు చెప్పింది. ఈనాటి పాయింట్ జోళ్ళు ఆమె చేయించుకున్న జోళ్ళకే దగ్గరగా ఉన్నాయి.

ఆ జోళ్ళలో పాదానికి ఏమేమి కష్టాలు వస్తాయో కాస్త వివరిస్తాము. పైపైన చూస్తే బొబ్బలు, ఆనెలు, నల్లబడిన గోళ్ళు. బొటనవేలి మొదట్లో ఎముక ప్రక్కకు పొడుచుకొని వచ్చే బుడిపె. ఇవి నర్తకులందరికీ తెలిసినవే. లోపల వచ్చేవి ఇంకా కష్టమైనవి. నర్తకులకు ఉన్నట్టుండి తగిలే దెబ్బలలో అన్నిటికంటే సాధారణమైనది చీలమండ బెణుకు. గెంతి దిగేటప్పుడు పాదం లోపలికి మడతపడి, బయటి వైపు బంధనాలు సాగిపోవడమో తెగిపోవడమో జరుగుతుంది. ఒక్కొక్కసారి అదే మెలికలో చిటికెనవేలి వెనుకనున్న పొడుగు ఎముక మెలితిరిగి విరుగుతుంది. దీనికి నర్తకి విరుపు అనే పేరే ఉంది.

అరిగి అరిగి వచ్చే బాధలు వేరు. బొటనవేలిని వంచే నరం వంటి స్నాయువు చీలమండ లోపలి వైపు వెనుకగా ఒక సన్నని దారిలో పోతుంది. మునివేళ్ళ మీదికి లేచినప్పుడల్లా అది రాసుకొని వాస్తుంది. పిక్కను మడమకు కలిపే అకిలిస్ స్నాయువు కూడా ఇలాగే వాస్తుంది. రెండవ వేలి వెనుకనున్న ఎముక మీద బరువంతా పడి సన్నని వెంట్రుక వంటి పగులు వస్తుంది. మొదట్లో అది ఎక్స్‌రేలో కూడా కనిపించకపోవచ్చు. నాట్యం చేసినప్పుడు నొప్పి, విశ్రాంతి తీసుకుంటే తగ్గడం, మళ్ళీ చేస్తే నొప్పి. ఇదే దాని గుర్తు. ఆ గుర్తును లెక్కచేయకపోతే సన్నని పగులు పూర్తి విరుపుగా మారుతుంది.

పావ్లోవా జీవితంలో విశ్రాంతి అనే మాటకు చోటు తక్కువ. 1909లో డియాగిలెవ్ బృందంతో పారిస్‌లో, 1910లో న్యూయార్క్‌లో నర్తించారు. త్వరలోనే స్వంత బృందం కట్టారు. 1912లో లండన్‌లోని గోల్డర్స్ గ్రీన్‌లో ఐవీ హౌస్ అనే ఇల్లు కొని, తోట కొలనులో హంసలను పెంచుకున్నారు. కాని ఆ ఇంట్లో ఉన్న రోజులు తక్కువ. ఇరవై ఏళ్ళ పాటు రైళ్ళలో, ఓడలలో లక్షల మైళ్ళు తిరిగి వేల ప్రదర్శనలు ఇచ్చారు. కొన్ని చోట్ల చక్కని రంగస్థలాలు, కొన్ని చోట్ల ఎగుడుదిగుడు బల్లలు. నేల గట్టిగా ఉంటే గెంతిన ప్రతిసారి ఆ దెబ్బ మడమ నుండి మోకాలికి, మోకాలి నుండి నడుముకు ప్రాకుతుంది. బృందంలోని జీతగాళ్ళంతా ఆమె పేరు మీద వచ్చే డబ్బుతో బ్రతికేవారు. ఆమె ఒక్కరోజు ఆగితే అందరూ ఆగాలి. నొప్పిని దాచుకొనే నర్తకి వెనుక చాలాసార్లు ఇటువంటి బరువే ఉంటుంది.

ఆమె మన వైపుకు కూడా వచ్చారు. 1922లో మొదలైన తూర్పు దేశాల యాత్రలో జపాన్, చైనా, మలయా, బర్మాల మీదుగా భారతదేశం చేరి కలకత్తా, బొంబాయిలలో నర్తించారు. అజంతా చిత్రాల స్ఫూర్తితో 1923లో ఒక బ్యాలే తయారుచేయించారు. అదే ఏట లండన్‌లో చిత్రలేఖనం చదువుకుంటున్న ఉదయశంకర్‌ను చేరదీసి, కృష్ణుడు, రాధ నృత్యంలో ఆయన కృష్ణుడుగా, తాను రాధగా నర్తించారు. 1920ల చివరలో రుక్మిణీదేవి అరండేల్‌కు పావ్లోవాతో స్నేహం కలిసింది. రుక్మిణీదేవి మొదట బ్యాలే నేర్చుకోవడం మొదలుపెట్టారు. పావ్లోవా ఆమె మనస్సును స్వదేశపు కళ వైపు మళ్ళించారు. తరువాత 1936లో అడయారులో కళాక్షేత్రం పుట్టింది. ఈనాడు మన పిల్లలు ఈ దేశంలో గజ్జె కడుతున్నారంటే, ఆ దీపానికి చమురు పోసిన చేతులలో ఈ రష్యా వనిత చేయి కూడా ఒకటి.

1925 చివరలో ఆమె మా దక్షిణాఫ్రికాకు కూడా వచ్చారు. చెరుకు తోటలలో పనిచేసిన మా తాతల తరానికి ఆ నాటకశాలల లోపల ఏమి జరిగిందో తెలిసే అవకాశం లేదు. వర్ణవివక్ష ఉన్న కాలం అది. మూడవ తరం వారమైన మేము ఆమెను గురించి పుస్తకాలలోనే చదువుకున్నాము. చదివిన కొద్దీ ఆమె మాకు దగ్గర మనిషిలా తోచింది.

ఇప్పుడు చేపనూనె సంగతికి వద్దాం. అన్నా బక్కగా ఉన్నదని దిగులుపడి ఆమె పాఠశాల ఆమెకు పోషణ ఇచ్చింది. కాని ఆమె లోకప్రసిద్ధి పొందిన తరువాత సన్నగా ఉండడమే నర్తకి లక్షణమైపోయింది. ఇరవయ్యవ శతాబ్దంలో అనేక నాట్యశాలలలో పడుచు పిల్లలు తిండి మానుకొని ఒళ్ళు తగ్గించుకున్నారు. దాని ఫలితం ఎముకల మీద పడుతుంది. చేసే శ్రమకు తగిన తిండి లేకపోతే నెలసరి ఆగిపోతుంది. నెలసరి ఆగితే ఎముకలను కాపాడే హార్మోను తగ్గుతుంది. ఎముకలు పెళుసవుతాయి. అప్పుడు వెంట్రుక పగుళ్ళు సులభంగా వస్తాయి. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం వైద్యులు ఈ స్థితికి ప్రత్యేకంగా పేరు పెట్టి, మగపిల్లలకు కూడా శక్తి చాలకపోతే హాని ఉందని హెచ్చరించారు. నెలసరి తప్పితే నాట్యం బాగా సాగుతున్నదని సంతోషించే తల్లి, బిడ్డకు మేలు చేయడం లేదు. అది వైద్యునికి చూపించవలసిన సంగతి.

1931 జనవరిలో పావ్లోవా హాలండ్ యాత్రకు బయలుదేరారు. దానికి ముందు ఒక రైలు ప్రయాణంలో ప్రమాదం జరిగి, పలుచని దుస్తులతో చలిలో చాలాసేపు బయట ఉండవలసి వచ్చిందని చెబుతారు. హేగ్ నగరం చేరేసరికి జ్వరం ముదిరింది. ఊపిరితిత్తుల మీది పొర వాచి నీరు పట్టింది. జనవరి 23వ తేదీ తెల్లవారకముందే, హోటల్ దేజ్ ఇండ్‌లో కన్నుమూశారు. ఇంకా మూడు వారాలైతే ఆమెకు యాభై ఏళ్ళు నిండేవి.

ఆమె మరణం చుట్టూ ఒక కథ అల్లుకున్నది. శస్త్రచికిత్స చేస్తే బ్రతకవచ్చునని, కాని ఇక నాట్యం చేయలేరని వైద్యులు చెప్పారట. నాట్యం లేని బ్రతుకు వద్దని ఆమె నిరాకరించారట. ఈ కథను నాట్యం నేర్చుకునే పిల్లలకు గొప్ప ఆదర్శంగా చెబుతూ ఉంటారు. మేము దీనిని ఆదర్శంగా అంగీకరించము. అప్పటికి పెనిసిలిన్ కనుగొని మూడేళ్ళైనా కాలేదు. అది రోగులకు అందుబాటులోకి వచ్చినది 1940లలోనే. కాబట్టి ఆమెను తీసుకొనిపోయినది వ్యాధి, ఆనాటి వైద్యానికున్న పరిమితి. చావును కళకు అర్పించిన పుష్పంగా వర్ణిస్తే వినడానికి ఇంపుగానే ఉంటుంది. కాని ఆ వర్ణన విన్న పన్నెండేళ్ళ పిల్ల, తన కాలి నొప్పిని చెప్పడం పిరికితనం అనుకుంటుంది.

బడిలో ఎన్నో ఏళ్ళు పాఠాలు చెప్పిన మేము ఇటువంటి పిల్లలను చూశాము. అరంగేట్రం దగ్గర పడుతున్నది, హాలు మాట్లాడారు, బంధువులు ఇండియా నుండి టిక్కెట్లు కొన్నారు. పిల్ల మెట్లు ఒక్కొక్కటే దిగుతున్నది. ఏమమ్మా అని అడిగితే ఏమీ లేదు టీచర్ అంటుంది. మనది వట్టి పాదాల నాట్యం. పాయింట్ జోళ్ళ బాధలు మనకు లేవు. కాని సిమెంటు నేల మీద గంటల తరబడి తట్టడం వల్ల మడమ నొప్పి, ముంగాలి నొప్పి, మోకాలి నొప్పి, నడుము నొప్పి మనకూ ఉన్నాయి. బ్యాలేలో పాదాలను ప్రక్కలకు తిప్పి నిలిచినట్లే మన అరమండిలోనూ నిలుస్తాం. ఆ త్రిప్పుడు తుంటి నుండి రావాలి. తుంటి తిరగనంత పాదాన్ని బలవంతంగా త్రిప్పితే ఆ మెలిక మోకాలి మీద పడుతుంది. ఎవరి తుంటి ఎంత తిరుగుతుందనేది చాలావరకు ఎముక నిర్మాణాన్ని బట్టి ఉంటుంది. తిట్టినందువల్ల ఎముక మారదు.

కాబట్టి తల్లిదండ్రులకు, గురువులకు మా మనవి ఇది. సాధ్యమైతే సిమెంటు మీద కాక, క్రింద ఖాళీ ఉన్న చెక్క నేల మీద సాధన చేయించండి. మొదట ఒళ్ళు వేడెక్కించండి. బెణికిన కాలికి ఆ రోజే విశ్రాంతి ఇచ్చి, గుడ్డలో చుట్టిన మంచు పెట్టి, కట్టు కట్టి, ఎత్తు మీద ఉంచండి. కాలు మోపలేకపోయినా, ఎముక మీద వేలు పెడితే నొప్పి ఉన్నా వెంటనే వైద్యుని దగ్గరకు వెళ్ళండి. బ్యాలే నేర్చుకునే మన పిల్లలు కూడా ఉన్నారు. పదకొండు పన్నెండేళ్ళు రాకుండా, వచ్చినా తగిన బలం, కొన్నేళ్ళ శిక్షణ లేకుండా పాయింట్ జోళ్ళు తొడిగించవద్దు. పాలు, పెరుగు, పప్పు, గ్రుడ్లు, ఆకుకూరలు కడుపునిండా పెట్టండి. అన్నిటికంటే ముఖ్యం, నొప్పి అని చెప్పిన పిల్లను మెచ్చుకోండి.

పావ్లోవా దేహాన్ని గోల్డర్స్ గ్రీన్‌లో దహనం చేశారు. ఆమె అస్థికలు అక్కడే ఉన్నాయి. ఆమె కన్నుమూసిన 1931లోనే ఈ దేశంలో మన పెద్దలు ఆంధ్ర మహాసభను స్థాపించారు. ఈ రెండింటికీ సంబంధం లేదు. అయినా ఆ సంవత్సరం తలచినప్పుడు మాకు రెండూ గుర్తుకు వస్తాయి. పెద్దలు సభను కట్టినది మన భాష, మన కళ పిల్లల చేతికి చెక్కుచెదరకుండా అందాలని. ఆ కళను అందుకునే పిల్లల పాదాలు కూడా చెక్కుచెదరకుండా ఉండాలి కదా!

లోకం పావ్లోవాను నొప్పిని భరించిన దేవతగా పూజించింది. మేము మాత్రం తన పాదం ఎటువంటిదో తెలుసుకొని, దానికి తగిన జోడు, తగిన నృత్యం, తగిన గురువును వెదుక్కున్న తెలివైన స్త్రీగా ఆమెను స్మరిస్తున్నాము. రంగప్రవేశం చేసే ముందు భూమాతకు నమస్కరించి, నిన్ను తొక్కుతున్నందుకు క్షమించమని కోరడం మన సంప్రదాయం. ఆ నమస్కారంలో ఒక పాలు తమ పాదాలకు కూడా చెల్లించమని మన చిన్నారులకు చెబుదాం. వారందరూ ఆరోగ్యంగా, ఆనందంగా, నిండు నూరేళ్ళు నర్తించాలని మా ఆశీస్సులు.